ఎవరి కంటికి కొత్త?

“ఇందులో కొత్తేముంది? ఎవరికైనా తట్టేదే!” అన్న మాట మన విమర్శకులు విరివిగా వాడతారు. ఒక రచనను కొట్టిపారెయ్యటానికి ఇంతకంటె తేలిక మార్గం లేదు. నేనూ వాడాను. ఈ మాటకు చట్టంలో కూడా ఒక స్థానం ఉన్నదనీ, ఏది ఎవరికైనా తట్టేది, ఏది కాదు అన్న తీర్పు మీద ఒక మనిషి కూలి ఆధారపడి ఉండవచ్చుననీ నాకు చాలాకాలం తెలియదు. తెలియజెప్పింది మా పొరుగున లక్క గాజులు చేసే ఆపా.

మేముండేది హైదరాబాదు పాతబస్తీలో, ఉప్పుగూడలో. ఫలక్‌నుమా వెళ్ళే లోకల్ రైలు యాకుత్‌పురా దాటాక ఇక్కడ ఆగుతుంది. చార్మినారు పక్కన లాడ్ బజారులో దీపాల కింద తళతళలాడే గాజుల్లో ఎన్నో ఇలాంటి బస్తీల ఇళ్ళల్లోనే తయారవుతాయి. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, వంచి, కొసలు అతికి, గుండ్రటి కర్ర మీద సరిచేసి, వేడి ఆరకముందే రాళ్ళూ అద్దాలూ ఒక్కొక్కటే పొదుగుతారు. లక్క చల్లబడితే రాయి దిగదు. మరీ మెత్తగా ఉంటే రాయి నిలవదు. ఈ రెంటికీ మధ్య ఉండే కొద్దిపాటి వ్యవధిలో చెయ్యీ కన్నూ కలిసి పనిచెయ్యాలి. కూలి మటుకు డజను లెక్కన.

మా ఆపా చేసే గాజుల్లో ఒక రకం ఉంది. రాళ్ళను నిటారుగా కాక ఏటవాలుగా, ఒక రాయి అంచు పక్క రాయి కిందికి పోయేటట్టు పొదుగుతుంది. ప్రతి అయిదు రాళ్ళకూ ఒక చిన్న అద్దం. చూడటానికి గాలికి వాలిన వరిచేను మాదిరి ఉంటుంది. ఒకనాడు ఆమె దగ్గర గాజులు తీసుకునే దుకాణం వాళ్ళు మూడు డజన్లు తిప్పి పంపారు. ఇంకొక వర్తకుడు ఆ నమూనాను తన పేర రిజిస్టరు చేయించుకున్నాడట. ఎవరు చేసినా, అమ్మినా దావా వేస్తానని నోటీసు పంపాడట. ఆ నోటీసు నకలు పట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది.

“మాస్టర్ సాబ్, ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పండి. నేను చేసే గాజు నేను చెయ్యొద్దని రాసిందంట. నిజమేనా?”

నిజమే. అలాగే రాసి ఉంది.

మనవాళ్ళు ఇలాంటి హక్కులన్నిటినీ కలిపి “పేటెంటు” అంటారు. అమెరికాలో అలంకరణకు ఇచ్చే హక్కును డిజైను పేటెంటు అనే అంటారు గనక ఆ మాట పూర్తిగా తప్పూ కాదు. మన దేశంలో మాత్రం యంత్రానికీ తయారీ పద్ధతికీ 1970 నాటి పేటెంట్ల చట్టం, రూపానికీ అలంకారానికీ 2000 నాటి డిజైన్ల చట్టం ఉన్నాయి. ఈ రెండో చట్టం ప్రకారం డిజైను అంటే వస్తువుకు కల్పించిన ఆకారం, నమూనా, అలంకారం, గీతల కూర్పు, రంగుల కూర్పు. వాటిని కేవలం కంటితో చూసి తేల్చాలి. నిర్మాణ పద్ధతి లెక్కలోకి రాదు. ఆ డిజైను అంతకుముందు మన దేశంలో గాని, మరే దేశంలో గాని, అచ్చు ద్వారానో వాడకం ద్వారానో బయటపడి ఉండకూడదు. తెలిసిన డిజైన్లతోనూ, వాటి కలయికలతోనూ పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించాలి. ఇవన్నీ ఉంటే పదేళ్ళపాటు, కోరితే మరి అయిదేళ్ళపాటు, ఇతరులెవరూ దాన్ని వాడకుండా ఆపే హక్కు దొరుకుతుంది.

వినటానికి ఇది న్యాయంగానే ఉంది. కొత్తగా ఏదో కల్పించినవాడికి కొంతకాలం ఫలితం దక్కాలి. పాతదాన్ని ఎత్తుకొచ్చి కొత్తదన్నవాడికి దక్కకూడదు. అయితే “చెప్పుకోదగ్గ తేడా” అన్న చోట మనం ఆగాలి. చెప్పుకునేదెవరు? కంటితో చూసి తేల్చాలన్నారు. ఆ కన్ను ఎవరిది?

ఈ ప్రశ్న అమెరికా న్యాయస్థానాలను నూటయాభై ఏళ్ళుగా వేధిస్తున్నది. 1871లో వెండి చెంచాల పిడి మీది నమూనాను గురించి గోరం కంపెనీ వేసిన వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు, ఒక డిజైను మరొకదానికి నకలా కాదా అన్నది మామూలు కొనుగోలుదారు కంటితో చూడాలన్నది. నిపుణుడి కంటితో చూస్తే ఏ నకలూ నకలుగా కనపడదు. అతను ప్రతి చిన్న తేడానూ పట్టేస్తాడు. కాని అసలు ఆ డిజైను హక్కుకు అర్హమా, లేక ఎవరికైనా తట్టేదేనా అన్న ప్రశ్న వచ్చేసరికి కన్ను మారింది. అలాంటి వస్తువులను రూపొందించే సాధారణ నేర్పుగల పనివాడి కంటితో చూడాలన్నారు. అంటే నకలును పట్టుకోవటానికి కొనేవాడి కన్ను, కొత్తదనాన్ని కొలవటానికి చేసేవాడి కన్ను. ఇందులో మంచి వివేకం ఉంది.

1893లో జీను కేసు వచ్చింది. వాడుకలో ఉన్న రెండు రకాల జీనుల్లో ఒకదాని ముందు సగాన్నీ, మరొకదాని వెనక సగాన్నీ కలిపి ఒకాయన కొత్త డిజైను అన్నాడు. జీనులు చేసేవాళ్ళు మామూలుగా చేసే పని అదేననీ, రెంటినీ అతికినంత మాత్రాన కొత్తదనం రాదనీ సుప్రీంకోర్టు తేల్చింది. తరవాత ఈ కొలత ఒక సూత్రంగా బిగుసుకుంది. 1982లో ఒక బల్ల డిజైను కేసులో, ఒక డిజైను ఎవరికైనా తట్టేదే అనాలంటే దాదాపు అచ్చంగా దానిలాంటిదే పాతది ఒకటి ముందు చూపాలన్నారు. నలభై ఏళ్ళపాటు అదే నడిచింది. చూపలేకపోతే హక్కు నిలిచేది. 2024 మే నెలలో ఒక మోటారు కారు మడ్‌గార్డు విషయంలో జనరల్ మోటార్సుకూ, విడిభాగాలు అమ్మే ఎల్‌కేక్యూ కంపెనీకీ నడిచిన తగాదాలో పేటెంట్ల అప్పీలు కోర్టు ఆ బిగువును సడలించింది. పాత డిజైన్లన్నిటినీ ఆ రంగంలో పనిచేసేవాడు చూసే తీరులో చూడమన్నది.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసింది ఒకటుంది. “ఎవరికైనా తట్టేది” అన్నది వస్తువులో ఉండే గుణం కాదు. బరువూ పొడవూ వస్తువులో ఉంటాయి. ఇది వస్తువుకూ కన్నుకూ మధ్య ఉండే సంబంధం. ఆ కన్ను ఆకాశంలోంచి ఊడిపడదు, శ్రమలో తయారవుతుంది. ఏళ్ళ తరబడి కుంపటి దగ్గర కూర్చున్న కన్ను ఒక రకంగా చూస్తుంది, దస్త్రాల దగ్గర కూర్చున్న కన్ను మరొక రకంగా చూస్తుంది. కనక కొత్తదనాన్ని గురించిన తీర్పు ప్రతిసారీ, తీర్పరికి తెలిసినా తెలియకపోయినా, ఏదో ఒక కన్నుకు పట్టం కట్టటమే.

మరి మన లక్క గాజు విషయంలో ఆ కన్ను ఎవరిది? డిజైన్లను పరిశీలించే కార్యాలయం కోల్‌కతాలో ఉంది. పరిశీలకుడు నిజాయితీపరుడే అనుకుందాం. అతను దేనితో పోల్చి చూస్తాడు? రిజిస్టర్లతో, కేటలాగులతో, అచ్చులో దొరికేదానితో. ఉప్పుగూడ గల్లీలో ఒక అత్త కోడలికి చూపిన వరస ఏ కేటలాగులోనూ లేదు. రాసి లేనిది తెలియనిది అవుతుంది. తెలియనిది కొత్తది అవుతుంది. కొత్తది, మొదట దరఖాస్తు పెట్టినవాడిది అవుతుంది. ఇందులో ఎవరూ అబద్ధమాడనక్కరలేదు. సొమ్మొకడిది సోకొకడిది కావటానికి దొంగతనమే జరగాలని లేదు, దరఖాస్తు ఫారం చాలు.

ఇది ఈనాడు పుట్టిన వింత కాదు. డిజైను చట్టాల పుట్టుకలోనే మన తెలుగు తీరం నీడ ఉంది. గోల్కొండ రాజ్యానికి రేవైన మచిలీపట్నం నుంచి అద్దకపు బట్టలు 17వ శతాబ్దంలో ఐరోపాకు వెళ్ళేవి. కోరమాండల్ తీరపు అద్దకాల మీద ఇంగ్లండులో మోజు ఎంత పెరిగిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ళు ఆందోళనకు దిగారు. 1700లో పార్లమెంటు స్వదేశపు వాడకానికి అలాంటి బట్టల దిగుమతిని నిషేధించింది. 1721లో అద్దకపు నూలుబట్టలు కట్టుకోవటాన్నే చాలామటుకు నిషేధించింది. ఈ అడ్డుగోడల చాటున ఇంగ్లండు అద్దకం పరిశ్రమ తూర్పుదేశపు నమూనాలను అనుకరిస్తూ ఎదిగింది. ఎదిగాక 1787లో, నారబట్టల మీదా నూలుబట్టల మీదా “కొత్త, సొంత” నమూనా అచ్చువేసినవారికి రెండు నెలల ప్రత్యేక హక్కునిస్తూ బ్రిటన్ మొదటి డిజైను చట్టం చేసింది. 1794లో దాన్ని మూడు నెలలు చేసింది. ఆ తీగల్లో, ఆ పూలల్లో ఏవి పాతవో చెప్పగల కళ్ళు మచిలీపట్నంలో ఉన్నాయి. వాటి సాక్ష్యం ఎవరూ అడగలేదు. 1872లో ఆ తరహా రక్షణ చట్టం మన దేశానికీ వచ్చింది. 1911లో వలసపాలకులు చేసిన చట్టం డిజైన్ల విషయంలో 2001 మే దాకా అమలులో ఉంది.

ఇంతవరకూ నా వాదన సాఫీగానే నడిచింది. పాఠకులకూ ఇది నచ్చే ఉంటుంది. మనకు అలవాటైన వాదనే. కాని తరవాత జరిగినది నా వాదనలోని డొల్లతనాన్ని నాకే చూపింది.

రిజిస్టరైన డిజైనును రద్దు చెయ్యమని అర్జీ పెట్టవచ్చు. దావా పడితే, రద్దుకు పనికివచ్చే కారణాలన్నిటినీ ప్రతివాది తన వాదంగా చెప్పుకోవచ్చు. దేనికైనా సాక్ష్యం కావాలి. ఆపాకు రసీదులు లేవు. డజను లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు రసీదు ఎవరిస్తారు? గాజులా, పగిలిపోతాయి. చివరికి పెళ్ళి ఫోటోలు వెతికాం. బస్తీలో నాలుగైదు ఇళ్ళల్లో ఆల్బములు తిరగేశాం. ఒక పెళ్ళికూతురు చేతికి, రిజిస్ట్రేషనుకు రెండేళ్ళ ముందు తీసిన ఫోటోలో, గాజులు కనిపించాయి. నా కంటికి ఎర్రటి మసక తప్ప ఏమీ తెలియలేదు. ఆపా చూడగానే అన్నది: “ఇవి నావే. రాళ్ళు ఎటు వాలినయో చూడండి. మెరుపు ఒక్క పక్కకే వచ్చింది.” ఆమె చెప్పాక చూస్తే నిజంగానే అలా ఉంది.

ఆ తరవాత ఆమె అత్తగారి పెట్టెలోంచి పాత గాజు ఒకటి బయటపడింది. అందులోనూ రాళ్ళ వరస, మధ్య మధ్య అద్దాలు. రాళ్ళు మాత్రం నిటారుగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. “ఇంకేం ఆపా! ఇది పాతదేనని తేలిపోయింది. రాళ్ళు కాస్త వాల్చటం ఎవరికైనా తట్టేదే. ఇది మీదీ కాదు, ఆ వర్తకుడిదీ కాదు. ప్రజలందరిదీ. మనం గెలిచినట్టే” అన్నాను.

ఆమె మొహంలో సంతోషం కనపడలేదు. “అట్లయితే నేను చేసిందేమీ లేదా, మాస్టర్ సాబ్?” అన్నది.

తరవాత తనే చెప్పింది. నిటారుగా పొదిగిన రాళ్ళు ఇంటిపని చేసే ఆడవాళ్ళ చేతులకు నిలవవు. గిన్నెలు తోముతుంటే, బట్టలు పిండుతుంటే ఒక్కొక్కటే రాలిపోతాయి. ఒక రాయి అంచును పక్క రాయి కింద దాస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని ఆమెకు తోచింది. అలా పొదగాలంటే లక్కను ఇంకాస్త వేడి మీద ఉంచాలి, వేళ్ళు కాలతాయి. ఎన్నో గాజులు పాడు చేసుకుని నేర్చుకుంది. అద్దం కూడా అందం కోసం పెట్టింది కాదు. అయిదు రాళ్ళయ్యేసరికి వాలు పెరిగిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టటానికి ఒక చదునైన చోటు కావాలి.

నేను గాలికి వాలిన వరిచేనును చూశాను. వర్తకుడు అలంకారాన్ని చూసి ఫారంలో అలాగే రాశాడు. ఆమెకు అది రాయి రాలకుండా ఉండే ఉపాయం. చట్టం నిర్మాణ పద్ధతిని లెక్కలోకి తీసుకోదు, కంటికి కనిపించేదాన్నే చూస్తుంది. అంచేత ఆమె బుద్ధి చట్టానికి కనిపించదు. ఆ బుద్ధి వదిలిన జాడ మాత్రం ఇంకొకరి ఆస్తిగా కనిపిస్తుంది.

ఇక్కడ నా తప్పు నాకు తెలిసింది. పరిశీలకుడి కన్ను పాతదాన్ని కొత్తదనుకున్నది. నా కన్ను కొత్తదాన్ని పాతదనుకున్నది. రెండు తప్పులూ పడింది ఒకే మనిషి మీద. అతను హక్కును వర్తకుడికి ఇస్తే, నేను ఘనతను “ప్రజల”కు ఇచ్చాను. ఇద్దరమూ ఆమెకు ఏమీ మిగల్చలేదు.

“జానపద కళకు కర్త లేడు, అది సమష్టి సృష్టి” అని మనం తరగతుల్లో చెబుతాం. అది సంప్రదాయాన్ని గురించి నిజం కావచ్చు. సంప్రదాయంలో జరిగే ప్రతి మార్పూ మాత్రం ఎవరో ఒక మనిషికి, ఏదో ఒక అవసరం ఎదురైనప్పుడు తట్టినదే. సమష్టి అనేది పేరులేని ముద్ద కాదు, పేర్లున్న మనుషుల వరస. ఆ పేర్లు రాసుకోనిది మనం. పల్లెపాటలు సేకరించి సేకరణకర్త పేరు అట్టమీద వేసుకుంటాం. పాడినామె పేరు ఎన్నిసార్లు లోపలి పేజీల్లో కూడా ఉండదు. కర్త లేడన్న సిద్ధాంతం ఎంత అభ్యుదయకరంగా వినిపించినా, ఆచరణలో అది శ్రామికుడి సృష్టిని ఎవరైనా ఏరుకుపోవటానికి వీలైన బీడుభూమిగా ప్రకటించటమే. వర్తకుడు చేసింది ఆ బీడుకు కంచె వెయ్యటం.

చట్టంలో ఇంకా రెండు చిక్కులున్నాయి. మొదటిది: దరఖాస్తుకు ముందే వాడకంలో బయటపడిన డిజైనుకు హక్కు ఉండదు. ఇది అందరికీ సమానమైన నియమమే. కాని ఈ వారం చేసింది ఈ వారమే అమ్ముకుంటే తప్ప పొయ్యి వెలగనివాళ్ళు ముందు దరఖాస్తు పెట్టి తరవాత అమ్మలేరు. దాచగలిగినవాడికి హక్కు, దాచలేనివాళ్ళకు, మహా అయితే, ఇతరుల హక్కును చెడగొట్టే సాక్ష్యం. రెండోది: తగిన ప్రతిఫలం తీసుకుని ఇంకొకరి కోసం డిజైను చేసి పెడితే, డిజైనుకు యజమాని ఆ ఇంకొకరే. డజను కూలి తీసుకున్నది చేతిపనికా, బుద్ధికి కూడానా అన్నది ఎవరూ అడగరు. కూలిలో బుద్ధి ఉచితంగా కలిసిపోతుంది.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. వేరేచోట చేసిన గాజును ఆ పేరుతో అమ్మకుండా అది అడ్డుకుంటుంది. కాని అది కాపాడేది పేరును, నమూనాను కాదు. ఊరును, మనిషిని కాదు.

ఇప్పుడొక ఆక్షేపణ రావచ్చు. “ఆస్తిహక్కులను విమర్శించే మీరు గాజు మీద కూడా ఆస్తిహక్కు అడుగుతున్నారా?” అని. దీనికి జవాబు ఆపాయే చెప్పింది. ఈ రకం ఇంకెవరూ చెయ్యకూడదని నీకుందా అని అడిగితే, “ఎందుకు? పక్కింటి పిల్లకు నేనే నేర్పిన. ఎవరు చేసుకున్నా చేసుకోని. నన్ను చెయ్యొద్దనొద్దు. నాకు తట్టింది నాకు తట్టలేదనొద్దు” అన్నది. ఇతరులను మినహాయించే హక్కు వేరు, తన శ్రమకు గుర్తింపు కోరే హక్కు వేరు. మొదటిది ఆస్తి, రెండోది మానవగౌరవం. మన చట్టం మొదటిదాన్నే ఎరుగును. మనమూ రెండోదాన్ని మరిచి, మొదటిదాన్ని మాత్రమే విమర్శిస్తూ కూర్చున్నాం.

మరొక ఆక్షేపణ కూడా ఉంది. తీర్పును పనివాళ్ళ కంటికే వదిలితే, వృత్తిలోని పెద్దలు తమకంటె చిన్నవాళ్ళ కొత్తదనాన్ని ఒప్పుకుంటారా? ముఖ్యంగా ఆడవాళ్ళది? ఇది ఉత్త అనుమానం కాదు. ఏ వృత్తిలోనూ అసూయ లేదని నేననను. అంచేత పనివాడి కన్ను పొరపడదని కాదు నా వాదన. ఆ కన్ను రెండు వైపులా చూడగలదు. ఏది అరువో, ఏది సొంతమో, దేనికెంత వేళ్ళు కాలాయో దానికి తెలుసు. దాని పొరపాటును ఇంకొక పనివాడి కన్ను సరిదిద్దగలదు. పని తెలియని కన్ను పొరపడితే సరిదిద్దేవాళ్ళు లేరు.

కావలసినవి అసాధ్యాలేమీ కావు. సంప్రదాయ వైద్యపు జ్ఞానాన్ని ఇతరులు పేటెంటు చేసుకోకుండా మన ప్రభుత్వం 2001 నుంచి ఒక భాండాగారం తయారు చేయించింది. చేతివృత్తుల నమూనాలకూ అలాంటిది కావాలి. కాని అందులో ప్రతి నమూనా కిందా, తెలిసినంతవరకు, ఎవరికి తట్టిందో పేరు ఉండాలి. చేతివృత్తుల డిజైన్లను పరిశీలించేటప్పుడు ఆ వృత్తిలోనివాళ్ళను, ఆడవాళ్ళతో సహా, పిలిచి అడగాలి. కూలికి చేసినా కర్త పేరు రిజిస్టరులోకి ఎక్కాలి. ఈ కోరికలను పనివాళ్ళ సంఘాలు తమవిగా చేసుకుంటే తప్ప ఎవరూ దయతలిచి ఇవ్వరు. చదువుకున్న మనం చెయ్యగలిగింది వాళ్ళ భాషలో చట్టం చెప్పటం, వాళ్ళ మాటను చట్టం భాషలో రాయటం. అది కూడా వాళ్ళకు చదివి వినిపించి.

ఈ చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను. రద్దు అర్జీకి చిత్తుప్రతి నేను రాశాను. “ఈ నమూనా సంప్రదాయికమైనది, ఎవరికైనా తట్టేదే” అన్నది మొదటి వాక్యం. తెలుగులో చదివి వినిపిస్తే ఆపా ఒప్పుకోలేదు. ఆ వాక్యం కొట్టేశాం. దాని బదులు, ఈ నమూనా ఫలానా ఇంట్లో ఫలానా ఆమె కల్పించి, వర్తకుడి రిజిస్ట్రేషనుకు రెండేళ్ళు ముందునుంచే అమ్ముతున్నదని రాశాం. సాక్ష్యంగా పెళ్ళి ఫోటో జతచేశాం. వకీలు చూసి, చట్టరీత్యా కూడా ఇదే గట్టి వాదం అన్నాడు.

అర్జీ కోల్‌కతా వెళ్ళింది. తీర్పు ఇంకా రాలేదు. ఈలోగా ఆమె దుకాణానికి నిటారు రాళ్ళ గాజులే చేస్తున్నది.